రహదారి పనుల వద్ద తాత్కాలిక వాహన నియంత్రణ

రహదారి పనుల వద్ద తాత్కాలిక వాహన నియంత్రణ అనగా రహదారిని వెడల్పు చేయుట, మరమ్మతు, వంతెన నిర్మాణము, గొట్టాల కొరకు త్రవ్వకము వంటి పనులు జరుగుచున్నంత కాలము వాహనాలను, పాదచారులను ఆ స్థలం గుండా సురక్షితంగా పంపించుటకు చేసే ఏర్పాటు. భారతదేశంలో ఈ బాధ్యత ప్రధానంగా పని చేపట్టిన గుత్తేదారుపై, అనగా కాంట్రాక్టరుపై ఉంటుంది. ఏర్పాట్లను ఆమోదించుట, పర్యవేక్షించుట ఇంజనీరు విధి.

ఆధారమైన నియమాలు

కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వ శాఖ వెలువరించిన రోడ్లు, వంతెనల పనుల ప్రమాణ గ్రంథములో (ఐదవ సవరణ, 2013) 112వ నిబంధన ఈ విషయానికి సంబంధించినది. 1934లో ఏర్పడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రచురించిన ఐ.ఆర్.సి. ఎస్.పి. 55 అనే మార్గదర్శిక దీనిని మరింత వివరిస్తుంది. ఈ మార్గదర్శిక మొదట 2001లో వెలువడగా, 2014లో సవరించబడినది. కాంట్రాక్టు ఒప్పందంలో చేర్చినప్పుడు ఈ నియమాలు కేవలం సలహాలుగా కాక, పాటించి తీరవలసిన షరతులు అవుతాయి.

పని ప్రదేశంలోని భాగాలు

వాహనం వచ్చే దిశ నుండి చూచినచో పని ప్రదేశం వరుసగా కొన్ని భాగాలుగా ఉంటుంది. మొదటిది ముందస్తు హెచ్చరిక భాగము. రెండవది వాహనాలు తమ మామూలు దారి నుండి ప్రక్కకు మళ్ళే భాగము. తరువాత పని జరిగే భాగము, చివరగా వాహనాలు తిరిగి తమ దారిలోకి చేరే భాగము వస్తాయి. మళ్ళే చోటుకు, కూలీలు పనిచేసే చోటుకు మధ్య కొంత స్థలాన్ని ఖాళీగా వదలాలి. అదుపు తప్పిన వాహనం కూలీలపైకి దూసుకుపోకుండా ఆగుటకు ఆ ఖాళీయే ఆధారం. కంకర గుట్టలు, రోలర్లు పెట్టుటకు వీలుగా కనిపించేదీ ఈ స్థలమే కావడంతో ఆచరణలో అది తరచుగా నిండిపోతుంది.

కాంట్రాక్టరు చేయవలసినవి

112వ నిబంధన ప్రకారం అడ్డుకట్టలు, సూచిక పలకలు, రోడ్డుపై గీతలు, జెండాలు, దీపాలు, జెండా మనుషులు అన్నీ కాంట్రాక్టరే సమకూర్చి నిర్వహించాలి. అడ్డుకట్టలు దృఢంగా ఉండి, నలుపు తెలుపు చారలు కలిగి ఉండాలి. వాటిపై సూర్యాస్తమయం నుండి సూర్యోదయం వరకు ఎర్ర దీపాలు వెలుగుతూ ఉండాలి. సున్నం పూసిన రాళ్ళు, విరిచిన చెట్టు కొమ్మలు మన రోడ్లపై తరచుగా కనిపించినప్పటికీ, అవి ఈ అవసరాన్ని తీర్చవు. రాత్రివేళ కనబడని రాయి తానే ఒక ప్రమాద కారణము.

ప్రతి వైపున కనీసం రెండు సూచికలు పెట్టాలి. ఒకటి దారి మారే చోటుకు సమీపంలోను, మరొకటి దానికి 120 మీటర్ల ముందు ఉండాలి. ఈ దూరం యొక్క ప్రాముఖ్యం లెక్క చూచిన తెలుస్తుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహన చోదకుడు ప్రమాదాన్ని గ్రహించి బ్రేకు వేయుటకు 2.5 సెకన్లు పడుతుందనుకుంటే, ఆ సమయంలోనే బండి సుమారు 55 మీటర్లు ముందుకు పోతుంది. పూర్తిగా ఆగుటకు మొత్తం 120 మీటర్లు కావాలని రహదారి రూపకల్పన ప్రమాణాలు చెబుతాయి. 100 కిలోమీటర్ల వేగానికి ఇది 180 మీటర్లు. కనుక జాతీయ రహదారులపై కనీస సంఖ్యతో సరిపెట్టక, ఇంకా ముందు నుండే హెచ్చరికలు పెట్టవలసి ఉంటుంది.

రెండు వరుసల వాహనాలకు చాలనంత ఇరుకైన చోట ఒక్కొక్క వైపు నుండి వంతులవారీగా వాహనాలను వదలాలి. దీనికి తాత్కాలిక సిగ్నళ్ళు గాని, రెండు చివరలా అన్ని వేళలా జెండా మనుషులు గాని ఉండాలి. వారికి ఎరుపు, ఆకుపచ్చ జెండాలు, రాత్రికి దీపాలు ఇవ్వాలి. ఒక చివరి మనిషి భోజనానికి వెళ్ళినా ఈ పద్ధతి పనిచేయదు. రోడ్డులో సగభాగం వాడుకలో ఉంచి పని చేసేటప్పుడు ఒకచోట సాధారణంగా 500 మీటర్లకు మించి పని చేపట్టరాదు. మళ్ళింపు దారిపై దుమ్ము లేవకుండా అవసరమైనప్పుడు నీళ్ళు చల్లుట కూడా కాంట్రాక్టరు పనియే.

ఖర్చు

ఇదే నిబంధన ప్రకారం ఈ ఏర్పాట్లన్నీ ప్రధాన పనిలో అంతర్భాగంగా పరిగణింపబడతాయి. అనగా విడిగా కొలిచి చెల్లింపు ఉండదు. తక్కువ ధర కోట్ చేసి పని దక్కించుకున్నవారు మొదట కోత పెట్టేది దీపాలకు, జెండా మనుషుల కూలికి. తారు మందం తగ్గితే కొలతలో తెలుస్తుంది, దీపం వెలగకపోతే బిల్లులో కనబడదు. కావున తనిఖీ రాత్రిపూట కూడా జరగవలసి ఉన్నది.

చట్టపరమైన బాధ్యత

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 198-ఎ అనే సెక్షను చేరినది. నిర్దేశించిన నిర్మాణ, నిర్వహణ ప్రమాణాలను పాటించకపోవుట వలన మరణం గాని, అంగవైకల్యం గాని సంభవిస్తే సంబంధిత అధికార సంస్థకు, కాంట్రాక్టరుకు లేదా రాయితీదారుకు లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చును. ఈ సొమ్ము మోటారు వాహన ప్రమాద నిధికి చేరుతుంది. ప్రమాదకర స్థితి కాంట్రాక్టరుకు తెలుసునా, అక్కడ ఎటువంటి హెచ్చరికలు ప్రదర్శించారు అనే విషయాలను కోర్టు పరిగణనలోకి తీసుకోవాలి. అందువలన సూచిక పలకలు పెట్టిన తేదీలు, ఛాయాచిత్రాలు భద్రపరచుట కాంట్రాక్టరుకూ మేలే. ఒక ప్రాణానికి లక్ష రూపాయల గరిష్ఠ పరిమితి స్వల్పమే అయినా, నిర్లక్ష్యం వలన కలిగిన మరణానికి క్రిమినల్ కేసు వేరుగా ఉంటుంది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో (106వ సెక్షను) దీనికి ఐదేళ్ళ వరకు జైలుశిక్ష ఉన్నది. పూర్వపు భారతీయ శిక్షాస్మృతిలో ఇది రెండేళ్ళ వరకే ఉండేది.

పని ముగిసిన తరువాత

పని పూర్తయిన వెంటనే సూచికలు, డ్రమ్ములు, మళ్ళింపు దారి శిథిలాలు తొలగించాలి. పని లేనిచోట నెలల తరబడి నిలిచిన హెచ్చరిక పలకకు చోదకులు అలవాటుపడి, నిజంగా పని జరుగుచున్న చోట కూడా వేగం తగ్గించరు.