బసవకళ్యాణ్‌కి యూరప్‌లో ఉన్న చుట్టాలు

2023 వేసవిలో మేము మూడు నెలలు జర్మనీలో ఉన్నాము. స్టుట్‌గార్ట్‌లో ఒక ప్రాజెక్టు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. సెలవుల్లో పాప కూడా వచ్చింది. తిరిగి వచ్చినప్పటి నుంచి అందరిదీ ఒకటే ప్రశ్న, "ఈఫిల్ టవర్ చూసిన్రా?" అని. చూడలేదు. పారిస్‌కు పోనేలేదు. మేము తిరిగిన చోట్లు వేరే. ఏ టూర్ ప్యాకేజీలోనూ అవి కలిసి ఉండవు. మన ఊరివాళ్లకు తప్ప ఇంకొకరికి వాటి మీద ఆసక్తి కూడా ఉండదేమో. అందుకే ఇక్కడ రాస్తున్నాము.

ముందే ఒక మాట. మా చదువంతా కన్నడ మీడియంలో సాగింది. తెలుగు ఇంట్లో మాట్లాడిందే, రాయడం మాత్రం ముప్పై దాటాక నేర్చుకున్నాము. తప్పులుంటే పెద్దలు సరిదిద్దండి. ఇది మా ఒక్కరి కథ కాదు. 1956 నవంబర్ 1 దాకా మన బీదర్ జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది. ఆ రోజు జిల్లాను మూడు ముక్కలు చేసి పంచారు. జహీరాబాద్, నారాయణఖేడ్ ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి, ఉద్‌గీర్ వైపు బొంబాయి రాష్ట్రానికి పోయింది, మనం మైసూరుకు వచ్చాము. ఇల్లు కదలలేదు, రాష్ట్రం కదిలింది. జహీరాబాద్‌లో ఇచ్చిన ఆడపిల్లలు వేరే రాష్ట్రపు కోడళ్లయ్యారు. ఈ గీత సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఆ మే నెలలోనే జర్మనీలో నెలకు 49 యూరోల టికెట్ మొదలైంది. ఫాస్ట్ రైళ్లు తప్ప మిగతావన్నీ ఎక్కొచ్చు. స్టుట్‌గార్ట్ పెద్ద స్టేషన్ అంతా తవ్విపెట్టి ఉంది, ప్లాట్‌ఫారం చేరాలంటేనే చాలా దూరం నడవాలి. మొదటి ఆదివారం టూబింగెన్ పోయాము, గంట ప్రయాణం. నెకర్ నది ఒడ్డున రంగురంగుల ఇళ్లు, పొడుగాటి కర్రతో నెట్టే పడవలు. అందరూ హోల్డర్లిన్ అనే కవి బతికిన గుండ్రటి గోపురం ముందు ఫోటోలు దిగుతున్నారు. మేము పోయింది ఫెర్డినాండ్ కిట్టెల్ కోసం. కన్నడ మీడియంలో చదివిన ఎవరికైనా ఆ పేరు తెలుసు. 1853లో బాసెల్ మిషన్ తరఫున వచ్చి, 1894లో మంగళూరులో కన్నడ-ఇంగ్లీషు నిఘంటువు అచ్చువేయించి, 1903 డిసెంబర్‌లో ఈ టూబింగెన్‌లోనే కన్నుమూశాడు. నిఘంటువులో దాదాపు 70 వేల మాటలు. అందులో మాకు ఇష్టమైనది ఒకటుంది. కన్నడ మాట పక్కన దాని తెలుగు, తమిళ చుట్టాలను కూడా చూపిస్తాడు. మేము కొన్ని తెలుగు మాటలు నేర్చుకున్నది అలా, కన్నడ నిఘంటువు లోంచే.

లిపి కూడా అంతే. కళ్యాణి చాళుక్యుల శాసనాలు కన్నడవాళ్లూ మాదే అంటారు, తెలుగువాళ్లూ మాదే అంటారు. ఇద్దరిదీ నిజమే, అప్పటికి రెండు లిపులు పూర్తిగా విడిపోలేదు.

రెండో ప్రయాణం లిండావ్‌కు. ఉల్మ్ మీదుగా దక్షిణానికి పోతే జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ మూడింటి మధ్య కాన్‌స్టన్స్ సరస్సు ఉంటుంది. అందులో ఒక చిన్న దీవి మీద ఊరు. రేవుకు ఒక పక్క రాతి సింహం, ఇంకో పక్క 1856లో కట్టిన దీపస్తంభం, ఎదురుగా మంచు కొండలు. టూరిస్టులకు కొరత లేదు. కానీ 1898 ఏప్రిల్ 8, గుడ్ ఫ్రైడే నాడు ఇక్కడ ఏం జరిగిందో చెప్పేవాళ్లు ఎవరూ కనబడలేదు.

వియెన్నా యూనివర్సిటీలో సంస్కృతం చెప్పే గియోర్గ్ బ్యూలర్ ఆ రోజు ఒంటరిగా పడవ వేసుకుని ఈ సరస్సులోకి పోయాడు. తిరిగి రాలేదు. వయసు 60.

ఆయనకూ మన ఊరికీ ఏం సంబంధం? సుమారు తొమ్మిది వందల ఏళ్ల కింద బిల్హణుడు అనే కశ్మీరీ కవి పొట్ట చేతబట్టుకుని దేశమంతా తిరిగి, చివరకు మన కళ్యాణంలో ఆరవ విక్రమాదిత్యుడి కొలువులో కుదురుకున్నాడు. విక్రమాదిత్యుడు 1076 నుంచి 1126 దాకా ఏలాడు. బిల్హణుడు ఆ రాజు మీద విక్రమాంకదేవచరితం రాశాడు, 18 సర్గలు. రాజు గురించి పొగడ్తలు ఎట్లాగూ ఉంటాయి. చివరి సర్గలో మాత్రం తన పుట్టిన కశ్మీరం గురించీ, తాను తిరిగిన దారుల గురించీ చెప్పుకున్నాడు. ఊరు వదిలి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాడు చేసే పనే అది. మన పెద్దలూ అదే చేశారు, ఏ ఊరి నుంచి వచ్చామో ప్రతి పెళ్లిలో చెప్పుకుంటూ.

తర్వాత ఆ పుస్తకం మరుగునపడిపోయింది. 1874లో బ్యూలర్, ఆయనతో వచ్చిన కుర్ర పండితుడు హెర్మన్ యాకోబి, జైసల్మేర్‌లోని జైన భాండారంలో తాటాకుల ప్రతి చూశారు. కొద్ది రోజుల్లోనే ఇద్దరూ కూర్చొని చేత్తో నకలు రాసుకున్నారు. 1875లో బొంబాయిలో అచ్చయింది. కళ్యాణాన్ని రాజధాని చేసింది విక్రమాదిత్యుడి తండ్రి మొదటి సోమేశ్వరుడు అని బిల్హణుడు చెప్పిన మాట అలా లోకానికి మళ్లీ తెలిసింది. మనం జలసంగ్వి గుడికి పోయినప్పుడల్లా, ఆ రాజును పొగుడుతూ శాసనం రాస్తున్న శిలాబాలిక దగ్గర నిలబడతాము కదా. ఆ రాజు కథ పుస్తకంగా మన చేతికి వచ్చింది ఈ సరస్సులో పోయిన మనిషి వల్ల.

ఇంకొకటి. ఆ కావ్యంలోనే సోమేశ్వరుడి చావు ఉంది. జ్వరం తగ్గక, 1068లో తుంగభద్రలోకి తనంతట తాను నడిచి జలసమాధి అయ్యాడు. ఆ సర్గను అచ్చుకు సరిచూసిన మనిషి ఇరవై మూడేళ్ల తర్వాత నీళ్లలోనే పోవడం... మేము దీన్ని గురించి ఎక్కువ ఆలోచించదలచుకోలేదు. పాప మాత్రం రేవు గోడ మీద కూర్చొని, "ఆయనకి ఈత రాదా?" అని అడిగింది. ఊళ్లో త్రిపురాంత కెరె గట్టు మీద మేము దానికి రోజూ చెప్పే మాట అదే, ఈత రానివాళ్లు నీళ్ల దగ్గరకు పోవద్దని.

లండన్‌కు జర్మనీ వీసా పనికిరాదు. వేరే వీసా, వేరే ఫీజు. ఇంట్లో దీని మీద పెద్ద చర్చ అయింది. జహీరాబాద్ అత్త ఫోన్లో, "అంత పైసలు పెట్టి మళ్ల బసవన్ననే చూడనీకె పోతరా? ఈడ 108 అడుగుల బసవన్న ఉండంగ?" అన్నది. మాటలో న్యాయం ఉంది. అయినా పోయాము.

థేమ్స్ ఒడ్డున, లాంబెత్‌లో, ఆల్బర్ట్ ఎంబాంక్‌మెంట్ మీద ఉంది బసవేశ్వరుడి విగ్రహం. మనది లాగా కొండంత కాదు, భుజాల దాకా మాత్రమే. 2015 నవంబర్ 14న ప్రధాని మోదీ ఆవిష్కరించారు. కలబురగి వైపు నుంచి పోయి లాంబెత్ మేయర్ అయిన డాక్టర్ నీరజ్ పాటిల్ దీని కోసం పట్టుబట్టారు. పన్నెండో శతాబ్దంలో కులం అడక్కుండా అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడించిన అనుభవ మంటపం మన ఊరిది కాబట్టి, పార్లమెంటుకు దగ్గరలో ఆయన ఉండాలని వాళ్ల వాదం. విగ్రహం ముందు కన్నడవాళ్లు ఒక కుటుంబం ఉన్నారు, హుబ్బళ్లి వాళ్లు. మాది బసవకళ్యాణ్ అనగానే లేచి నమస్కారం పెట్టారు. మాకు సిగ్గేసింది, మేము చేసిందేమీ లేదు కదా. ఇంట్లో తెలుగు మాట్లాడతామని చెబితే ఆశ్చర్యపోయారు. అప్పుడు పాల్కురికి సోమనాథుడి సంగతి చెప్పాము. బసవ పురాణం మొదట తెలుగులో, ద్విపదలో వచ్చింది. దాన్ని భీమకవి 1369లో కన్నడంలోకి తీసుకుపోయాడు. వాళ్లు నమ్మలేదు, ఫోన్లో వెతికి చూసి నమ్మారు.

అక్కణ్ణుంచి లాంబెత్ వంతెన దాటి పార్లమెంట్ స్క్వేర్‌కు నడిచాము. అక్కడ మిడిల్‌సెక్స్ గిల్డ్‌హాల్ అని ఒక భవనం, ఇప్పుడు వాళ్ల సుప్రీంకోర్టు. ప్రివీ కౌన్సిల్ జడ్జీలు కూడా 2009 నుంచి ఇక్కడే కూర్చుంటారు, అంతకుముందు డౌనింగ్ స్ట్రీట్‌లో. లోపలికి పోనిస్తారు, టికెట్ లేదు.

మేము ఎందుకు పోయామంటే, మితాక్షర కోసం. విజ్ఞానేశ్వరుడు అదే విక్రమాదిత్యుడి కాలంలో, మన కళ్యాణంలో కూర్చొని యాజ్ఞవల్క్య స్మృతికి రాసిన వ్యాఖ్య అది. చివర్లో కళ్యాణం లాంటి ఊరు భూమ్మీద లేదని మురిసిపోతాడు. అందులో ఆస్తి పంపకాల భాగాన్ని కోల్‌బ్రూక్ 1810లో ఇంగ్లీషు చేశాడు. ఇక అక్కడి నుంచి లండన్ జడ్జీలకు అదే చేతిపుస్తకం. 1868లో రామనాథపురం జమీందారీ దత్తత కేసు దాకా, ఆ తర్వాతా, సముద్రం ఇవతలి ఇళ్ల గొడవలు మన ఊరి పుస్తకం పట్టుకుని అక్కడ తేల్చారు.

అయితే సరిగ్గా అదే పుస్తకం ప్రకారమా అంటే కాదు. టెస్టింగ్‌లో మేము రోజూ చూసేదే, రాసింది ఒకటి, నడిచేది ఒకటి. పెళ్లికాని చెల్లెలికి అన్న వాటాలో నాలుగో వంతు నిజంగా ఇవ్వాలి, పెళ్లి ఖర్చుతో సరిపెట్టకూడదు అని విజ్ఞానేశ్వరుడు వాదించాడు. స్త్రీధనం అంటే ఆడమనిషికి వారసత్వంగా వచ్చింది కూడా అని విశాలంగా చెప్పాడు. ప్రివీ కౌన్సిల్ 1867లో, మళ్లీ 1903లో, వారసత్వంగా వచ్చింది స్త్రీధనం కాదని కోసేసింది. కొడుకుకు పుట్టుకతోనే హక్కు అనే మాట మాత్రం భద్రంగా నిలబడింది.

ఇప్పుడు మా ఇంటి సంగతి. కోట వెనక పాత ఇల్లు అమ్మాలని బాపు, చిన్నాన్నలు అనుకున్నారు. అత్తతో హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించుకోమని వకీలు చెప్పాడు. అత్త పెళ్లి 1989లో అయింది. ఆంధ్రప్రదేశ్ 1986లోనే ఆడపిల్లకు పుట్టుకతో హక్కు ఇచ్చింది. కర్ణాటక 1994లో ఇచ్చింది, అదీ అప్పటికి పెళ్లికాని వాళ్లకే. అంటే అదే ఇల్లు 1956 గీతకు అవతల, గంటన్నర దూరంలో ఉండి ఉంటే అత్తకు మొదటినుంచీ వాటా ఉండేది. ఇవతల ఉంది కాబట్టి 2005 కేంద్ర చట్టం దాకా లేదు. 2020లో సుప్రీంకోర్టు ఆ హక్కు పుట్టుకతోనే అని ఖాయం చేసింది. ఇప్పుడు ఉంది కాబట్టే సంతకం అడుగుతున్నారు.

గిల్డ్‌హాల్ మెట్ల మీద నుంచి అత్తకు వీడియో కాల్ చేసి ఇదంతా చెప్పాము. శ్రద్ధగా విన్నది. "మన ఊర్ల రాసిన పుస్తకమా?" అన్నది. అవునన్నాము. "మరి మన ఇంట్ల ఎవలు సదువలే?" అన్నది. మాకు జవాబు రాలేదు. పాప ఫోన్ లాక్కుని ఎర్ర బస్సు చూపించింది.

విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో బిద్రీ హుక్కాలు చూశాము. బీదర్ కోట మట్టితో నల్లబడ్డ లోహం మీద వెండిగీతలు. మన బజార్లో కొంటే బేరం ఆడతాము, అక్కడ అద్దం వెనక చూసి నోరు మూసుకున్నాము.

చివరి రోజు కెన్సల్ గ్రీన్ శ్మశానానికి. సి.పి. బ్రౌన్ 1884 డిసెంబర్ 12న చనిపోతే ఇక్కడే పెట్టారు. పెద్ద తోట, దారి అడుగుతూ వెతకాల్సి వచ్చింది. బ్రౌన్ 1829లో వేమన పద్యాలు, 1852లో తెలుగు నిఘంటువు వేసిన సంగతి మీకు చెప్పక్కర్లేదు. కానీ 1840లో ఆయన జంగముల ఆచారాల మీద, వాళ్ల సాహిత్యం మీద ఒక వ్యాసం కూడా రాశాడు. పొద్దున లాంబెత్‌లో చూసిన బసవన్న కథ తెలుగు తాటాకుల నుంచి ఇంగ్లీషులోకి పోయిన దారుల్లో అదొకటి. పాపకు తెలుగు అక్షరాలు ఇంకా పూర్తిగా రావు. అక్కడ నిలబడి దాని నోట్‌బుక్‌లో "బ్రౌన్" అని రాయించాము. మొదట కన్నడంలో రాసి, తర్వాత దిద్దుకుంది.

దసరాకు అత్త ఊరికి వచ్చింది. సంచిలోంచి ఆ పత్రం తీసింది. నాలుగు మడతలు, సంతకం లేదు. బాపు తీసుకుని కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చదివి, అల్మారాలో పెట్టి, "ముందు అన్నం తినుండ్రి" అన్నాడు. ఇల్లు ఇంకా అమ్మలేదు.