లండను పాత పబ్బులలో ఒక దినము

గోవింద మంచనశర్మయు, టిట్టిభసెట్టియు కాకతీయులనాటి ఓరుగల్లులో ఒక దినమెల్ల తిరిగి చూచిన విశేషములు క్రీడాభిరామము చదివినవారికి జ్ఞప్తి యుండును. అందలి పూటకూటింటి ముచ్చట ఆనాటి జనజీవితమును మన కన్నులకు కట్టించుచున్నది. లండను నగర చరిత్రను తెలిసికొనగోరు వారికిని అట్టి ఇండ్లే మంచి దారి చూపును. బాటసారికి భోజనము, పడక, వీనితోపాటు యవలతో కాచిన బీరు అమ్మిన ఇండ్లవి. ఎల్లరకును తలుపు తెరచియుండుటచే వానికి పబ్లిక్ హౌస్ అనియు, క్లుప్తముగా పబ్ అనియు పేరు వచ్చెను. పానమును మెచ్చుకొనుట మన ఉద్దేశము కాదు. ఆ గోడలు చెప్పు కథలు వినుటయే.

మొదట వాని గుర్తులను చూడుడు. బీరు కాచి అమ్ము ప్రతి ఇంటి ముందును గుర్తు నిలుపవలెనని 1393లో రెండవ రిచర్డు రాజు శాసించెను. చదువురాని జనులకు ఆ బొమ్మయే ఇంటి పేరు. ఎఱ్ఱసింహము, గొఱ్ఱెపిల్ల వంటి పేర్లు నేటికిని నిలుచుటకు ఇదియే కారణము.

ఉదయము థేమ్స్ నదికి దక్షిణముననున్న సదర్క్ పేటలో ఆరంభింతము. 14వ శతాబ్దిలో చాసరు మహాకవి తన కావ్యములోని యాత్రికులను కాంటర్‌బరీకి బయలుదేరదీసిన టాబర్డు సత్రము ఇచ్చటనే యుండెను. దాని పొరుగునే జార్జి సత్రము. 1676లో పేటకు నిప్పంటుకొని రెండును కాలిపోయెను. రెండింటిని మరల కట్టిరి. జార్జి మరుసటి యేడే లేచినది. ముంగిటిని చుట్టి కొయ్య వసారాలు, క్రింద గుఱ్ఱపుబండ్ల సందడి. పిదప రైలు వచ్చెను, బండ్లు నిలిచిపోయెను. 1873లో టాబర్డును కూల్చివేసిరి. జార్జిని కొనిన రైలు కంపెనీ గిడ్డంగుల కొఱకు దాని మూడు ప్రక్కలలో రెండింటిని పడగొట్టెను. మిగిలిన యొక ప్రక్కను 1937 నుండి నేషనల్ ట్రస్టు కాపాడుచున్నది. వసారాలతో కూడిన అట్టి సత్రము లండనులో నేడిదొక్కటే.

మధ్యాహ్నము ఫ్లీట్ వీథి. 1666 నాటి మహాగ్నిప్రమాదము పిదప 1667లో తిరిగి కట్టిన చెషైర్ చీజ్ అచ్చట ఇఱుకు సందులో నున్నది. 1755లో ఆంగ్ల నిఘంటువును వెలువరించిన డాక్టరు జాన్సను సమీపముననే కాపురముండెను. ఆయన ఇచ్చట కూర్చుండెడివాడని చెప్పుదురు. కాని ఆయన జీవితమును సవిస్తరముగ వ్రాసిన బాస్వెలు ఈ యింటి పేరైనను ఎత్తలేదు. పాత గుడికి వలెనే పాత పబ్బుకును స్థలపురాణ ముండును కాబోలు!

అచ్చటినుండి పడమరగా సోహో చేరుదము. 1854లో ఇచ్చట కలరా వ్యాపించి ఆఱు వందలమందికి పైగా మరణించిరి. వీథిలోని పంపునీటివలననే రోగము ప్రాకుచున్నదని డాక్టరు జాన్ స్నో నిరూపించెను. దగ్గరనున్న బీరు కర్మాగారపు కూలీలు బీరును, తమ బావి నీటిని త్రాగుటచే బ్రతికిపోయిరి. పంపు చెంతనున్న పబ్బుకు నేడు స్నోగారి పేరే. ఆయన మాత్రము చిరకాలము మద్యము ముట్టనివాడు!

సాయంకాలము మరల తూర్పుగా వచ్చి నదియొడ్డున బ్లాక్ ఫ్రయర్ చూతము. పూర్వము అచ్చట నల్ల అంగీల క్రైస్తవ సన్యాసుల మఠ ముండెను. 1905 మొదలు శిల్పులు ఆ సన్యాసుల బొమ్మలను పాలరాతితోను, కంచుతోను గోడలపై నవ్వించిరి. 1960ల పడిలో దీనిని కూల్పదలచినప్పుడు కవి జాన్ బెట్జెమన్ మొదలగువారు ఆందోళన చేసి నిలిపిరి.

అగ్ని కాల్చిన ఇంటిని జనులు మరల కట్టుకొనిరి. అక్కరలేదని మనుష్యులే కూల్చిన దానిని మరల ఎవ్వరును కట్టలేదు. ఓరుగల్లు పూటకూటిల్లు మనకు పద్యములలో మిగిలినది. టాబర్డును కావ్యముననే మిగిలినది. జార్జి మాత్రము ఒక్క ప్రక్కతోనైనను నిలిచి, వచ్చినవారికి నేటికిని తలుపు తెరచుచున్నది.