ఇండెక్స్‌ ఫండ్లలో మదుపు: బ్రోకర్‌ ఎంపికలో గమనించాల్సిన అంశాలు

నిఫ్టీ 50, సెన్సెక్స్‌ వంటి సూచీలలోని షేర్లను అదే నిష్పత్తిలో కొనే మ్యూచువల్‌ ఫండ్లే ఇండెక్స్‌ ఫండ్లు. ఒకే సూచీని అనుసరించే ఫండ్ల పనితీరులో పెద్ద తేడా ఉండదు. మదుపరికి చివరకు మిగిలేదెంతో తేల్చేది ప్రధానంగా ఖర్చులే.

పన్ను: దేశీయ షేర్ల ఇండెక్స్‌ ఫండ్‌ యూనిట్లను ఏడాదికి మించి ఉంచి విక్రయిస్తే, ఆర్థిక సంవత్సరానికి 1.25 లక్షల రూపాయల వరకు లాభంపై పన్ను లేదు. షేర్లు, ఈక్విటీ ఫండ్లు అన్నింటికీ కలిపి ఇదే పరిమితి. ఆపై లాభంపై 12.5 శాతం పన్ను, సెస్‌ వర్తిస్తాయి. ఈ మినహాయింపు చట్టం ఇచ్చినది. బ్రోకర్‌ను బట్టి మారదు.

ప్లాన్‌: రెగ్యులర్‌ ప్లాన్‌ ఖర్చులలో పంపిణీదారు కమిషన్‌ కలిసి ఉంటుంది. 2013 జనవరిలో అమల్లోకి వచ్చిన డైరెక్ట్‌ ప్లాన్‌లో అది ఉండదు. లక్ష రూపాయలు ఏటా 10 శాతం చొప్పున పెరిగితే 20 ఏళ్లకు సుమారు 6.73 లక్షలవుతుంది. ఖర్చు అర శాతం పెరిగి రాబడి 9.5 శాతానికి తగ్గితే చేతికి వచ్చేది 6.14 లక్షలే. ఖాతా ‘ఉచితం’ అన్నప్పుడు ఏ ప్లాన్‌ విక్రయిస్తున్నారో అడగాలి.

ఇతర రుసుములు: ఈటీఎఫ్‌లకు డీమ్యాట్‌ ఖాతా తప్పనిసరి, బ్రోకరేజి, వార్షిక నిర్వహణ రుసుము చూసుకోవాలి. ఇండెక్స్‌ ఫండ్‌కు డీమ్యాట్‌ అవసరం లేదు. ఫండ్‌ సంస్థ వెబ్‌సైట్‌లో బ్రోకర్‌ లేకుండానే కొనవచ్చు.

బ్రోకర్‌ను ఎంచుకుంటే, డబ్బు చెల్లించే ముందు సెబీ వెబ్‌సైట్‌లో ఆ సంస్థ నమోదును సరిచూసుకోవాలి. ఇండెక్స్‌ ఫండ్లకూ మార్కెట్‌ నష్టభయం ఉంటుంది.