కువైట్ సంక్షోభం (1990): ఉత్తర తెలంగాణ వలస కార్మికులు – ప్రభుత్వ స్పందన

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించే నాటికే కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల నుంచి గల్ఫ్ వలస వేళ్లూనుకొని ఉంది. జగిత్యాల, సిరిసిల్ల, కోరుట్ల, నిర్మల్ ప్రాంతాలలో వర్షాధార సేద్యంతో పూట గడవని కుటుంబాలు అప్పుచేసి వీసా సంపాదించి మగవారిని పంపేవి.

నాటి వి.పి. సింగ్ ప్రభుత్వం ఇరాక్‌ను బహిరంగంగా విమర్శించడంలో సంయమనం పాటించి, పౌరుల తరలింపునకు ప్రాధాన్యమిచ్చింది. విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ ఆగస్టులోనే బాగ్దాద్ వెళ్లి సద్దాం హుస్సేన్‌ను కలిశారు. రోడ్డు మార్గాన జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరినవారిని ఎయిరిండియా విమానాలు బొంబాయికి తెచ్చాయి. సుమారు రెండు నెలలలో 488 విమాన ప్రయాణాల ద్వారా లక్షకు పైగా భారతీయులు స్వదేశం చేరారు.

అయితే ఈ స్పందనను విమానాల లెక్కతోనే అంచనా వేయడం అసమగ్రం. కువైట్ దినార్ విలువ పడిపోవడంతో చేతిలోని పొదుపు కరిగింది. ఇంటివద్ద వీసా అప్పు నిలిచే ఉంది. 1991లో భద్రతా మండలి 687వ తీర్మానం ఫలితంగా ఏర్పడిన ఐక్యరాజ్యసమితి పరిహార సంఘం, కువైట్, ఇరాక్‌లను విడిచి రావలసి వచ్చిన వ్యక్తికి 2,500 లేదా 4,000 డాలర్ల స్థిర మొత్తాన్ని నిర్ణయించి, దరఖాస్తులను ప్రభుత్వాల ద్వారా స్వీకరించింది. కూలీకీ ఇంజనీరుకూ ఒకే కొలమానం వర్తించడం ఇందులోని న్యాయం. చెల్లింపులు ఏళ్ల తరబడి సాగడం ఇందులోని లోపం. అంతవరకు వడ్డీ ఆగలేదు.

కావున ఆ స్పందన ప్రాణరక్షణలో సఫలం, జీవనోపాధి రక్షణలో అసంపూర్ణం. బొంబాయి విమానాశ్రయంతో ముగిసే ఈ చరిత్రను జగిత్యాల, నిర్మల్ పల్లెల అప్పుపత్రాల దాకా పొడిగించి చదవవలసి ఉంది.