పెర్ల్ హార్బర్ పాఠం: ఉన్నత పాఠశాలలో సైనిక సన్నద్ధత బోధన

1941 డిసెంబరు 7, ఆదివారం ఉదయం పెర్ల్ హార్బర్‌పై జపాన్ జరిపిన దాడిలో 2,403 మంది అమెరికన్లు ప్రాణాలు కోల్పోయారు. వారిలో 1,177 మంది అరిజోనా అనే ఒక్క యుద్ధనౌకలోని వారే. తరగతి గదిలో ఈ ఘట్టం రెండో ప్రపంచ యుద్ధంలోకి అమెరికా దిగడానికి కారణంగా రెండు వాక్యాల్లో దాటిపోతుంది. ఆకస్మిక దాడికి సన్నద్ధంగా ఉండడమంటే ఏమిటో తొమ్మిది, పది తరగతుల పిల్లల చేత ఆలోచింపజేయడానికి ఇంతకు మించిన ఉదాహరణ లేదు. అయితే చెప్పే వరుస మారాలి.

దాడి సంగతి ముందే చెప్పేసి, తర్వాత హెచ్చరికలను ఏకరువు పెడితే పిల్లలు ఒకే ప్రశ్న వేస్తారు: ఇన్ని తెలిసీ ఎందుకు ఊరుకున్నారు? ఫలితం తెలిశాక ప్రతి సూచనా స్పష్టంగానే కనిపిస్తుంది. పెర్ల్ హార్బర్‌పై చరిత్రకారిణి రాబర్టా వోల్‌స్టెటర్ 1962లో ప్రచురించిన అధ్యయనం సరిగ్గా దీన్నే ఎత్తిచూపింది. సమాచారానికి కొరత లేదు. పనికొచ్చే సూచనలు పనికిరాని వాటిలో కలిసిపోయాయి. కాబట్టి ఆనాటి అధికారులకు ఏ సంగతి ఎప్పుడు తెలిసిందో అదే వరుసలో విద్యార్థులకు ఇవ్వాలి.

పెర్ల్ హార్బర్ ఉన్న ఓహూ ద్వీపం ఉత్తర కొసన గల ఒపానా రాడార్ కేంద్రాన్నే తీసుకుందాం. ఆ ఉదయం ఏడింటికి ఇద్దరు సైనికుల డ్యూటీ ముగిసింది. ట్రక్కు ఇంకా రాలేదు కాబట్టి సాధన కోసం యంత్రాన్ని ఆపలేదు. 7:02కి తెర మీద అసాధారణమైన పెద్ద గుర్తు కనిపించింది, 130 మైళ్లకు పైగా దూరంలో. ఫోర్ట్ షాఫ్టర్‌లోని సమాచార కేంద్రానికి ఫోన్ చేశారు. అక్కడ సిబ్బంది చాలావరకు వెళ్లిపోయారు. మిగిలిన లెఫ్టినెంట్ కెర్మిట్ టైలర్‌కు ఆ పని కొత్త. కాలిఫోర్నియా నుంచి రావలసిన బి-17 బాంబర్లే అనుకుని, కంగారు పడవద్దన్నాడు. ఆ బాంబర్లు నిజంగానే ఆ ఉదయం వస్తున్నాయి!

ఉపాధ్యాయులు కథను ఇక్కడ ఆపి, మీరైతే ఏం చేసేవారని అడగాలి. జవాబులు రాయించాకే మిగతాది చెప్పాలి. రాడార్ బాగానే పనిచేసింది. తెర మీద గుర్తు కనిపించేసరికి దాడికి ఇంకా సుమారు యాభై నిమిషాల వ్యవధి ఉంది. కానీ ఆ విమానాలు ఎవరివో తేల్చగల నౌకాదళ ప్రతినిధి ఆ కేంద్రంలో లేడు. టైలర్‌పై తర్వాత క్రమశిక్షణ చర్య తీసుకోలేదు. నా దృష్టిలో అది న్యాయమే. లోపం వ్యక్తిది కాదు, ఏర్పాటుది.

వేరే ప్రమాదానికి సిద్ధపడడం ఇంకో సంగతి. నవంబరు 27న వాషింగ్టన్ నుంచి యుద్ధ హెచ్చరిక అందింది. హవాయిలోని సైన్యానికి అధిపతి అయిన జనరల్ షార్ట్ విద్రోహ చర్యలకు భయపడి, కాపలాకు వీలుగా విమానాలను పక్కపక్కనే నిలబెట్టించాడు. పైనుంచి వచ్చిన శత్రువుకు అవే సులువైన గురి అయ్యాయి. రేవు లోతు సుమారు 40 అడుగులే కాబట్టి టార్పెడోలు బురదలో దిగిపోతాయన్న భరోసా కూడా ఉండేది. అవి అంత లోతుకు దిగకుండా జపాన్ వాటికి చెక్క రెక్కలు అమర్చింది.

దాడి తర్వాత భయం ఎటు మళ్లిందో కూడా ఈ పాఠంలోనే చెప్పాలి. 1942 నుంచి సుమారు 1,20,000 మంది జపాన్ సంతతి వారిని అమెరికా శిబిరాల్లో నిర్బంధించింది. వారిలో అత్యధికులు ఆ దేశ పౌరులే.

తెలుగు పిల్లలకు ఇది ఎక్కడో జరిగిన కథ కాదు. 1942 ఏప్రిల్ 6న ర్యుజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. ఆ రెండు ఊళ్ల సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయులైనా ఈ పాఠాన్ని ఆ తేదీతో మొదలుపెట్టాలని మనవి.