ఒక్క సెకండు వ్యవధి: 2011 సంవత్సరపు మోటారు పందెముల చరిత్ర



పల్లెదారిలో రెండు బండ్లు ఒకదాని వెనుక నొకటి పరుగిడుట మీరెల్లరు చూచియుందురు. ముందుబండి రేపిన దుమ్మంతయు వెనుకబండివాని ముఖముననే పడును. వాని యెడ్లు ఎంత జవసత్త్వములు గలవైనను, ఆ దుమ్ములో దారి కానక, పగ్గము బిగించి తగ్గవలసినదే. ఇట్టి చిక్కే ఫార్ములా వన్ అను ప్రపంచ మోటారు పందెములలో చిరకాలము వివాదమునకు కారణమైనది. దానిని తీర్చుటకై 2011వ సంవత్సరమున ఒక క్రొత్త ఉపాయము పన్నిరి. వెనుకవానికి సాయముగా పన్నిన ఆ ఉపాయము ముందువానికే యెక్కువ కలిసివచ్చినది. అదెట్లు సంభవించెనో విన్నవించుటకే నేడు మీ యెదుటికి వచ్చితిని.

మొదట గాలి సంగతి. విమానపు రెక్క విమానమును పైకెత్తును. పందెపు కారునకు ముందును వెనుకను అమర్చెడి రెక్కలు దానిని తలక్రిందు చేసినట్టివి. అవి కారును నేలకు అదిమి పట్టును. ఆ అదుమువలన టైర్లు బాటను గట్టిగా కరచుకొనును, మలుపులలో కారు జారిపోక నిలుచును. అయితే ముందుకారు చీల్చిన గాలి సుడులు తిరుగుచు వెనుకకు వచ్చును. ఆ చెదరిన గాలిలో వెనుకకారు రెక్కలకు బలము చాలదు. కావున మలుపులలో అది వెనుకబడును. తరువాతి తిన్నని బాటపై ఎంత తరిమినను దాటిపోవుటకు దూరము చాలదు. మన బండివానికి దుమ్మెట్లో, వీరికి ఈ సుడిగాలి అట్లు.

ఇందువలన ఎంతటి నష్టము వాటిల్లునో 2010 నవంబరు 14వ తేదీన అబూధాబీలో లోకమంతయు చూచినది. అది ఆ సంవత్సరపు కడపటి పందెము. ఫెరారీ జట్టు సారథి ఫెర్నాండో అలోన్సో అప్పటికి అందరికంటె ముందుండెను. ఆనాడు అతడు రెనో కారు నడిపెడి వితాలీ పెట్రోవ్ అను రష్యా యువకుని వెనుక చిక్కుకొని, దాదాపు 40 చుట్లు తిరిగియు దాటలేక, ఏడవవాడుగా గమ్యము చేరెను. పందెమును గెలిచిన సెబాస్టియన్ వెట్టెల్ 256 అంకములతో జగజ్జేత యాయెను. అలోన్సోకు వచ్చినవి 252. ఈ పందెము చూచియే అధికారులు నియమము మార్చిరని పలువురు తలంతురు. అది సరికాదు. ఆ నిర్ణయము అదే సంవత్సరము జూను నెలలోనే జరిగియుండెను. అబూధాబీ దానికి సాక్ష్యము మాత్రమే.

నిర్ణయమేమనగా: వెనుక రెక్కలోని పైపలకను సారథి ఒక మీట నొక్కి తెరవవచ్చును. పలకల నడుమ సందు 50 మిల్లీమీటర్ల వరకు విచ్చుకొనును. అప్పుడు గాలి అడ్డు తగ్గి కారు వేగము గంటకు సుమారు పది కిలోమీటర్లు హెచ్చును. దీనిని డి.ఆర్.యస్. అనిరి. అయితే పందెమున దీనిని ఎవడు పడిన అతడు తెరవరాదు. బాటపై ఒకచోట కాలము కొలుతురు. అచ్చట ముందుకారునకు ఒక్క సెకండులోపల నున్నవానికే అనుమతి. అదియు నియమించిన తిన్నని బాటపై మాత్రమే. ముందువానికి ఆ హక్కు లేదు. మొదటి రెండు చుట్లలో ఎవ్వరికిని లేదు.

దీనికి తోడు కెర్స్ అను రెండవ సాధనము మరల వచ్చినది. బ్రేకు వేసినపుడు వృథాగా పోవు శక్తిని బ్యాటరీలో దాచి, చుట్టునకు ఆరేడు సెకండులసేపు సుమారు 80 గుర్రముల బలముగా వాడుకొనుట దీని పద్ధతి. 2009లో కొందరు వాడిరి. 2010లో జట్లన్నియు ఒప్పందముపై మానుకొనెను. టైర్లు కూడ మారెను. పిరెల్లీ కంపెనీ త్వరగా అరిగెడి టైర్లను, కోరినందువలననే, చేసి యిచ్చినది.

ఇట్టి ఏర్పాట్లతో 12 జట్లు, 24 కార్లు గల ఆ సంవత్సరపు పందెములు 2011 మార్చి 27న మెల్బోర్నులో ఆరంభమాయెను. ముందున్నవానికి ఇక నిలుకడ యుండదనియే పలువురు భావించిరి. జరిగినది వేరు. 19 పందెములలో వెట్టెల్ ఒక్కడే 11 గెలిచెను. బహ్రెయిన్ పందెము ఆ దేశపు అలజడివలన రద్దయినది గాని, లేనిచో అవి 20 అయ్యెడివి.

ఇందలి మర్మము నియమములోనే యున్నది. పందెమునకు ముందునాడు, ఎవరు ఏ స్థానమున నిలువవలెనో తేల్చుటకు కాలపరీక్ష జరుగును. ఆ పరీక్షలో రెక్కను ఎవరైనను, ఎచ్చటనైనను తెరవవచ్చునని విడిచిపెట్టిరి. రెక్క తెరచిన అదుము తగ్గును గదా. కావున మలుపునుండి బయటపడి కారు నిలద్రొక్కుకొనువరకు సారథి ఆగవలెను. రెడ్ బుల్ జట్టు కారునకు స్వభావముగానే అదుము మెండు. దాని రూపశిల్పి ఏడ్రియన్ న్యూయీ. కంప్యూటర్ల యుగమున సైతము చిత్రపలకపై పెన్సిలుతో గీయు మనుజుడు. ఆయన ఇంజను పొగను కారు అడుగుభాగమునకు మళ్లించి, దానివలన గూడ అదుము పుట్టునట్లు చేసెను. ఇతరులు మలుపు ముగియువరకు వేచియుండగా, వీరు ముందే మీట నొక్కగలిగిరి. ఫలితముగా 19 కాలపరీక్షలలో 18 రెడ్ బుల్ వారివే. కొరియాలో మాత్రము లూయిస్ హామిల్టన్ తప్పించుకొనెను. ఆ 18లో వెట్టెల్‌వి 15. అంతకుముందు 1992లో నైజెల్ మాన్సెల్ సాధించిన 14 లెక్కను ఇది మించినది. అయితే మాన్సెల్ 16 పందెములలోనే 14 సాధించెను. పాళ్లు లెక్కించినచో ఆయనదే పైచేయి యని లెక్కలు చెప్పినవాడుగా నేననక తప్పదు.

తొలిస్థానమున నిలిచిన వెట్టెల్ చేసెడి పని యొక్కటే. రెక్క తెరచుట నిషిద్ధమైన ఆ మొదటి రెండు చుట్లలోనే ప్రాణము పెట్టి నడిపి, వెనుకవానికంటె ఒక్క సెకండు దాటి ముందుకు పోవును. ఆపై కొలతచోట లెక్క తీయగా వెనుకవానికి అనుమతి దొరకదు. క్రొత్త ఆయుధము వాని చేతిలోనే యుండును గాని ప్రయోగించుటకు వీలుండదు. వెట్టెల్ 11 విజయములలో 9 ఇట్లు తొలిస్థానమునుండి వచ్చినవే.

కెర్స్ విషయమున మరింత విచిత్రము. కారు ఆకృతి చెడకుండుటకై రెడ్ బుల్ వారు ఆ యంత్రమును చిన్నదిగా చేసి వెనుకభాగమున ఇరికించిరి. అది తరచుగా మొరాయించెను. మెల్బోర్నులో వారు దానిని అసలే వాడలేదు. ఐనను వెట్టెల్ 22 సెకండుల దూరముతో గెలిచెను. చైనాలో కెర్స్ చిక్కులు, అరిగిన టైర్లు రెండును కలియగా, హామిల్టన్ చివరి చుట్లలో ఆతనిని దాటెను. అదియు తిన్నని బాటపై గాక మలుపుల నడుమ. అదే పందెమున రెండవ రెడ్ బుల్ సారథి మార్క్ వెబ్బర్ 18వ స్థానమునుండి బయలుదేరి మూడవవాడుగా వచ్చెను. స్పెయినులో హామిల్టన్ కడవరకు వెంటబడి, రెక్క తెరచియు దాటలేక, ముప్పాతిక సెకండు కూడ లేని దూరమున ఓడెను. ఆ పందెమునకు మొదట నాయకుడైన అలోన్సో తుదకు ఒక చుట్టు వెనుకబడెను! సాధనములు అందరికి నుండెను. మలుపులలో నిలిచెడి కారు మాత్రము ఒక్కరికే యుండెను.

ఆ ఒక్క సెకండు కోట బీటవారిన దినము జూను 12, కెనడాలో. ఆ పందెము కథగా చెప్పదగినది. వానవలన రెండు గంటలు ఆగి, మొత్తము నాలుగు గంటలకు పైగా సాగినది. మెక్లారెన్ సారథి జెన్సన్ బటన్ తన జట్టువాడే యైన హామిల్టన్‌తో ఢీకొనెను, అతివేగమునకు శిక్ష పొందెను, అలోన్సోతో తగులుకొని టైరు పోగొట్టుకొనెను, అందరికంటె కడపటివాడాయెను. అచ్చటినుండి బాట ఆరుచుండగా ఒక్కొక్కరినే దాటుచు వచ్చెను. మైకేల్ షూమాకర్‌ను దాటుటకు తెరచిన రెక్క తోడ్పడినది. కడపటి చుట్టునకు వెట్టెల్‌తో వ్యవధి సుమారు ఒక్క సెకండునకు దిగివచ్చెను. అప్పుడు వెట్టెల్ ఒక మలుపులో తడిబాటపైకి జారెను. బటన్ ముందుకు పోయెను. ఆ తుదిదాటు రెక్కవలన జరిగినది కాదు. ఆ సెకండు తరిగిపోవుచున్నదను కలవరమే ముందువానిని జార్చినదని నా యూహ.

ఇటలీలో మరొక దృశ్యము. అలోన్సో ఆరంభముననే ముందునకు దూకగా, వెట్టెల్ పెద్దవంపు వెలుపలివైపున, ఎడమచక్రములు పచ్చికపై దొరలుచుండగా, ఆతనిని దాటెను. రెక్క తెరచుటకు నియమించిన చోటు కాదది. అదే టర్కీలో, తిన్నని బాటపై కార్లు ఒకదానినొకటి ప్రయాసలేక దాటిపోయెను. ముందువాడు అడ్డుకొనుటకు చేయగలిగినదేమియు లేకపోయెను. ఈ రెండింటిని ఒకే మాటతో దాటుట యనుట నా కిష్టము కాదు. పెట్రోవ్ వెనుక అలోన్సో చిక్కుకొనుట అన్యాయమందురు. అయితే 40 చుట్లు జగజ్జేతను నిలువరించిన ఆ యువకుని నేర్పునకు వెలయేమి? ఈ క్రొత్త నియమమున వానికి రెండు చుట్లైనను నిలుచుట దుస్సాధ్యము. ఆట రక్తి కట్టుటకు ఒకని చేతులు కట్టవలసివచ్చినదను వారి మాటలో నిజమున్నది.

బ్రిటనులో పొగను మళ్లించు ఉపాయమును అధికారులు ఆ ఒక్క పందెమునకు బిగించిరి. అచ్చట అలోన్సో గెలిచెను. వెట్టెల్ టైర్లు మార్చుటలో జరిగిన ఆలస్యము కూడ ఆతనికి కలిసివచ్చినదనుకొనుడు. తరువాత ఆ కట్టడి సడలింపబడినది. అక్టోబరు 9న జపానులో మూడవవాడుగా వచ్చియే వెట్టెల్ రెండవమారు జగజ్జేత యాయెను. ఆతని వయస్సు అప్పటికి 24. సంవత్సరాంతమున ఆతని అంకములు 392. రెండవవాడగు బటన్‌కు 270. జట్లలో రెడ్ బుల్‌కు 650, మెక్లారెన్‌కు 497, ఫెరారీకి 375. అట్టి కారే నడిపిన వెబ్బర్ గెలిచినది కడపటి బ్రెజిల్ పందెము ఒక్కటియే, అదియు వెట్టెల్ గేరుపెట్టె చెడిన దినమున.

మన దేశమునకు ఈ పందెము తొలిసారి వచ్చినది ఆ సంవత్సరముననే. అక్టోబరు 30న ఢిల్లీ చెంత గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ బాటపై వెట్టెల్ మొదటి చుట్టునుండి కడపటి చుట్టువరకు ముందుండి, ఎనిమిది సెకండులకు పైగా వ్యవధితో గెలిచెను. మనవాడైన నరైన్ కార్తికేయన్ కెర్స్ లేని మూడు జట్లలో ఒకటియైన హెచ్.ఆర్.టి. కారుతో 17వవాడుగా పందెము పూర్తిచేసెను. అట్టి బండితో గమ్యము చేరుటయే గౌరవము. మన తెలుగునాట 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగరము చెంత జరిగినది ఫార్ములా ఈ అను విద్యుత్కార్ల పందెము. అందు అదనపుబలము కావలసినవాడు తన చక్కని దారి విడిచి, వెలుపలి గీతలమీదుగా పోయి, కొంత కాలము నష్టపడి తెచ్చుకొనవలెను. ముందువానికి వెనుకవానికి ఒకే ధర్మము. నాకు ఈ పద్ధతియే సమంజసముగా తోచును.

డి.ఆర్.యస్. తరువాత చాలకాలము నిలిచినది. కాలపరీక్షలోని స్వేచ్ఛను 2013నుండి తీసివేసి, నియమిత స్థలములకే పరిమితము చేసిరి. 2025తో ఆ రెక్క ముచ్చట ముగిసినది. 2026 నియమములలో ముందు వెనుక రెక్కలు రెండును ఎల్లరకును కదలును. వెనుకవానికి రెక్కకు బదులు అదనపు విద్యుద్బలము నిచ్చిరి. దానికి అర్హత మాత్రము మరల ఆ ఒక్క సెకండు వ్యవధియే.