గొట్టము పగులునదెక్కడ?

1962 డిసెంబరు చివర బ్రిటనును పట్టిన చలి 1963 మార్చి మొదటి వారము వరకు వదలలేదు. మధ్య ఇంగ్లండులో జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నకు 2.1 సెంటిగ్రేడు డిగ్రీలు దిగువ. కుళాయిలు ఎండిపోయినవి; జనులు బాల్చీలతో వీధిలో నీళ్ల లారీలకై నిలిచిరి.

నీరు గడ్డకట్టునపుడు ఘనపరిమాణము సుమారు 9 శాతము పెరుగును. ఆ మంచే గొట్టమును చీల్చునని తోచును గాని, సాధారణముగా జరుగునది వేరు. మంచు బిరడావలె పెరుగుచు, తనకును మూసిన కుళాయికిని నడుమ చిక్కిన నీటిని నొక్కును. నీరు సులభముగా అణగునది కాదు గదా! గొట్టము పగులును, అదియు తరచు మంచు లేనిచోటనే.

కనుక మొదట వీధినుండి నీరు వచ్చు కవాటమును మూసి, కుళాయిని తెరువవలెను. పిమ్మట కుళాయి వైపునుండి మొదలిడి, వేడినీట ముంచిన గుడ్డలు చుట్టుచు కరగించవలెను. మంట పెట్టుట ఇంటికే ముప్పు.

పగుళ్లు బయటపడినది మంచు కరిగిన తరువాతనే. నాటి పాత ఇండ్లలో పెక్కింటివి సీసపు గొట్టములు. (సీసము విషమగుటచే తరువాత వాటిని వేయుట మానిరి.) సీసము మెత్తనిది, పగులును సుత్తితో మెల్లగా తట్టి మూసి, గుడ్డ బిగించి కట్టినచో ప్లంబరు వచ్చువరకు ధార తగ్గును.